భుజం ఆపరేషన్‌లో ప్యాచ్‌కి అంత ఖర్చు పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారికి 63 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తారు. కుడి భుజంలో రొటేటర్ కఫ్ టెండన్ (భుజం కండరాలను ఎముకకు కలిపే పట్టీ లాంటిది) బాగా చిరిగి, ఎముక నుంచి వెనక్కి లాక్కుపోయిందని ఎమ్మారైలో వచ్చింది. చొక్కా తొడుక్కోవాలంటే ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని స్లీవ్‌లోకి దూర్చుకుంటున్నారు. చూడలేకపోతున్నాం.

విజయవాడలో చూపించాం. కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాలతో చేసేది) చేసి, యాంకర్లతో (ఎముకలో బిగించే చిన్న మేకుల్లాంటివి) టెండన్‌ని ఎముకకు కుడతామన్నారు. అంతవరకు అర్థమైంది. టెండన్ పలచబడింది కాబట్టి పైన బలం కోసం కొల్లాజెన్ ప్యాచ్ (కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన పొర) కూడా వేస్తే మంచిదట. ఎస్టిమేట్ కాగితంలో ఆ ప్యాచ్ ఒక్కటే దాదాపు మిగతా ఆపరేషన్ ఖర్చంత ఉంది! ఇంకో డాక్టరుగారేమో తొడ పక్కనుంచి ఫేషియా లేటా అనే పొర తీసి వాడొచ్చు, దాన్ని కొనక్కర్లేదు, కాకపోతే తొడ మీద ఇంకో కోత, కొన్నాళ్లు అక్కడా నొప్పి ఉంటుందన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ప్యాచ్ వేశారా? ఏడాది తర్వాత చెయ్యి పైకి లేస్తోందా? ఇన్సూరెన్స్ వాళ్లు ఆ డబ్బు ఇచ్చారా, కొర్రీలు వేశారా? యాంకర్ల ప్యాకెట్ మీది స్టిక్కర్లు, ఇన్‌వాయిస్ అడుగుతారని తెలుసు. ప్యాచ్ సంగతి ముందే ప్రీ ఆథరైజేషన్‌లో (ఆపరేషన్‌కి ముందే ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర తీసుకునే అనుమతి) రాయించుకోవాలా? ఇదే పెద్ద టెన్షన్‌గా ఉంది.

నిజంగా పనికొస్తుందంటే అప్పు చేసైనా వేయిస్తాం. ప్యాచ్ లేకుండా కుట్టించుకుని బాగున్నవాళ్లుంటే అదీ చెప్పండి. వచ్చే వారం డాక్టరుగారికి మా నిర్ణయం చెప్పాలి.