చీకటి భయం పోగొట్టే కథలు ఉంటే చెప్పండి

మా పాపకు నాలుగున్నరేళ్లు. ఈమధ్య లైటు ఆపితే చాలు, ఏడుపు మొదలుపెడుతోంది. పక్కనే నేనున్నా సరే, మంచం కింద బూచాడున్నాడంటుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల్లో ఊహ పెరిగే కొద్దీ ఇలాంటి భయాలు మామూలేనని తెలుసు. అందుకే తనని బెదిరించడం, ఎగతాళి చేయడం మా ఇంట్లో ఎవరం చేయం. జీరో బల్బు వేసి ఉంచుతున్నాం. కానీ కరెంటు పోతే?

కథలతో ప్రయత్నిస్తున్నాను. రాత్రిపూట తిరిగే జీవుల కథలు అల్లుతున్నా. తన అరుపు తిరిగొచ్చే తీరును బట్టి దారి వెతుక్కునే గబ్బిలం, పొట్టలో దీపం పెట్టుకు తిరిగే మిణుగురు, చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోయే పారిజాతం. గబ్బిలం పిల్ల కథ తనకి బాగా నచ్చింది, రోజూ అదే అడుగుతోంది. వింటున్నంతసేపూ ధైర్యంగా ఉంటుంది, లైటు ఆపగానే మళ్లీ మొదటికే.

దెయ్యాన్ని ఓడించే కథలు నాకంత ఇష్టం లేదు. ఓడించాలంటే ముందు దెయ్యం ఉందని ఒప్పుకోవాలి కదా. మా అత్తయ్యగారు మాత్రం ఆంజనేయుడి కథలు చెప్పమంటున్నారు. అవి వింటే పాప నిజంగానే కాస్త కుదుటపడుతోంది.

మీ పిల్లలకు ఎలాంటి కథలు పనిచేశాయి? లైటు ఆపాక చెప్పాలా, ముందే చెప్పాలా? పాపనే కథలో పెడితే మంచిదా, భయం ఇంకా పెరుగుతుందా? మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఆరుబయట పడుకోబెట్టి చెప్పినవి ఏమైనా గుర్తుంటే, చిన్నవైనా సరే, దయచేసి రాయండి.