‘తిండి కలిగితె కండ కలదోయ్’: ఆ కండ, ఈ కండరం ఒకటేనా?

కణదర్శిని:
గురజాడ వారి పాదం ఒకటి సగం సగం గుర్తుకొచ్చి సతాయిస్తోంది. ‘తిండి కలిగితే కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్’. దీనికి ముందున్నదేమిటి? అది ‘కలిగితే’నా, ‘కలిగితె’నా? కణశాస్త్రవేత్త క్లారా ఫ్రాంజినీ-ఆర్మ్‌స్ట్రాంగ్ అస్థికండరం (ఎముకల్ని కదిలించే కండ) మీద చేసిన పని గురించి వ్యాసం రాస్తున్నాను. శీర్షిక కింద ఈ పాదం పెడదామనుకుంటే, కవి అన్న కండా పాఠ్యపుస్తకంలోని కండరమూ ఒకటేనా అన్న అనుమానం పట్టుకుంది.

మాత్రాగణం:
‘తె’ హ్రస్వమే, సందేహం అక్కర్లేదు. నడక 3+4 మాత్రలు. తిండి మూడు, కలిగితె నాలుగు, కండ మూడు, కలదోయ్ నాలుగు. ‘తే’ అని సాగదీస్తే అయిదవుతుంది. ‘కలదోయి’ అని పొల్లు విప్పి వేసిన అచ్చుప్రతులదీ అదే దోషం. ముందున్నది ‘పాడి పంటలు పొంగి పొర్లే / దారిలో నువు పాటు పడవోయ్’. అక్కడా ‘నువ్వు’ అంటే గణం చెడుతుంది, ‘నువు’ అనే ఉండాలి.

బాలవ్యాకరణం:
మాత్రాగణం గారూ, ‘కలిగితె’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. పాదాంతంలో మాత్రం అంత పట్టుదల అక్కర్లేదు. పాడేవాళ్లు అక్కడ ఊపిరి తీసుకుంటారు, ‘ఓయి’ అన్నా తాళం తప్పదు. అసలు చిక్కు ‘కండరం’లోని ‘ర’తో. సంస్కృతంలో ‘కండరా’ అంటే పెద్ద స్నాయువు, అంటే కండని ఎముకకి కట్టే తాడు. సుశ్రుతుడు శారీరస్థానంలో పేశులు, అంటే కండలు, 500 అన్నాడు, కండరలు 16 మాత్రమే అన్నాడు. వాటిలో పాదాలకి నాలుగు, చేతులకి నాలుగు, మెడకి నాలుగు, వీపుకి నాలుగు. హిందీ పుస్తకాల్లో ఇప్పటికీ టెండన్‌ని ‘కండరా’ అనే రాస్తారు. మనం ఆ తాడు పేరు తీసుకెళ్లి కండకి పెట్టాం.

పిక్కబలం:
‘కండ’ మీద ‘రం’ చేరి ‘కండరం’ అయిందని ఎందుకు అనుకోకూడదు? కన్నడంలోనూ మాంసానికి కండ, ఖండ అనే మాటలున్నాయి. సంస్కృతం గడప తొక్కకుండానే మాట సిద్ధించవచ్చు కదా.

బాలవ్యాకరణం:
ఆ ‘రం’ ఏ ప్రత్యయమో చూపించండి, ఒప్పుకుంటాను. అలా ఏర్పడిన శరీరభాగం పేరు ఇంకొకటి చెప్పండి.

కణదర్శిని:
వ్యాసానికి ఈ తేడా నిజంగా ముఖ్యం. రెండింటికీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అడ్డగీతలు కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లు తికమకపడతారు. స్నాయువులోని కొల్లాజెన్ పోగుకి గీత గీతకీ ఎడం 67 నానోమీటర్లు. కండపోగుకి అడ్డంగా వరసగా ఉండే జెడ్ గీతల్లో ఒకదాని నుంచి మరోదానికి రెండు మైక్రోమీటర్లకి పైమాటే, అంటే ముప్పై రెట్లకి ఎక్కువ. స్నాయువు బలాన్ని ఎముకకి అందిస్తుందే తప్ప తానుగా ముడుచుకోదు. ముడుచుకునేది కండే. అందులోనూ లోపలి ప్రోటీను పోగుల పొడవు మారదు, సన్నపోగులు మందపోగుల మధ్యకి జారతాయి. 1954లో రెండు బృందాలు విడివిడిగా తేల్చిన సంగతి ఇదే: ఆండ్రూ హక్స్లీ, నీడెర్గెర్కె ఒకవైపు, హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్ మరోవైపు.

పిక్కబలం:
అయితే ‘తిండి కలిగితె కండ’ అన్నది శాస్త్రానికి నిలుస్తుందా? మంచం పట్టిన మనిషికి ఎంత మాంసకృత్తులు పెట్టినా కండ కరుగుతూనే ఉంటుంది. కండకి బరువు పడాలి. పుట్టాక కండపోగుల సంఖ్య పెద్దగా పెరగదు, పోగు లోపల సూక్ష్మతంతువులు చేరి పోగే లావవుతుంది. బలం ఆ అడ్డుకోతని బట్టి ఉంటుంది, చదరపు సెంటీమీటరుకి రమారమి 20 నుంచి 30 న్యూటన్లు.

మాత్రాగణం:
కవి ఆ లెక్క తప్పలేదు, పై చరణం మళ్లీ చదవండి. ముందు ‘పాటు పడవోయ్’, తర్వాత ‘తిండి కలిగితె’, ఆ తర్వాతే ‘కండ’. పాటు లేకుండా తిండి చాలని గురజాడ ఎక్కడా అనలేదు. సగం పాదం పట్టుకుని శీర్షిక కింద పెడితే కవికి అన్యాయం జరుగుతుంది. నాలుగు పాదాలూ పెట్టండి.

పిక్కబలం:
ఇది బాగుంది. అక్కడ ‘పాటు’ పొలంపనే అయినా వరస మాత్రం సరిగ్గా ఉంది.

కణదర్శిని:
నాలుగూ పెడతాను. ఇంకో మాట కావాలి. కండపోగు పైపొర నుంచి లోపలికి సన్నగొట్టాలు దిగుతాయి, వాటిని టీ-గొట్టాలు అంటాం. ఒక్కో గొట్టానికి అటూ ఇటూ కాల్షియం సంచులు ఉంటాయి, మూడూ కలిస్తే త్రయం. కప్పలో ఈ త్రయం జెడ్ గీత దగ్గరుంటుంది, మన కండల్లో మందపోగుల పట్టీ అంచున, సార్కోమియరుకి (రెండు జెడ్ గీతల మధ్య భాగానికి) రెండు చొప్పున. గొట్టం పైపొరకి తెరుచుకుని ఉందని 1964లో చేపకండలో ఫ్రాంజినీ-ఆర్మ్‌స్ట్రాంగ్, కీత్ పోర్టర్ చూపించారు. అంతకుముందు ఆస్మియం అనే ఒక్క రసాయనంతోనే కణజాలాన్ని నిలబెట్టేవారు, అంటే చెడకుండా ఉన్నదున్నట్టు ఉంచేవారు. దానికి ఆ గొట్టాలు తెగి బుడగల వరసలా కనిపించేవి. గ్లూటరాల్డిహైడ్ అనే మరో రసాయనం వచ్చాకే గొట్టం గొట్టంలా నిలిచింది.

గొట్టానికీ సంచికీ మధ్య సందు 12 నానోమీటర్ల చిల్లర. అందులో వరసగా నిలబడ్డ దిమ్మల్ని ఆమె ఇంగ్లీషులో ‘ఫీట్’ అంది. వాటిని తెలుగులో ఏమనాలి?

మాత్రాగణం:
పాదాలు! పద్యానికీ పాదాలే, కండకీ పాదాలే. ఇంతకంటే ఏం కావాలి?

బాలవ్యాకరణం:
పాదమంటే నాలుగో వంతు అన్న అర్థమూ ఉంది. చదివేవాడు దేంట్లో నాలుగో వంతు అని ఆగిపోతాడు. ‘కాళ్లు’ అనండి, మంచం కోళ్లలా రెండు పొరల మధ్య నిలబడేవి కదా.

కణదర్శిని:
నాలుగో వంతు అన్న అర్థం అడ్డు రాదు, పైగా పనికొస్తుంది. ఒక్కో దిమ్మ నాలుగు ఒకేరకం భాగాల ప్రోటీను, రయనొడీన్ గ్రాహకం. సంచిలోని కాల్షియాన్ని బయటికి వదిలే ద్వారం అదే. దాని ఎదురుగా గొట్టం పొరలో నాలుగు కణికలు చదరంగా కూర్చుంటాయి, భాగానికొకటి. అవి అన్ని దిమ్మల ఎదుటా ఉండవు, ఒకటి విడిచి ఒకటి దాని ఎదుటే ఉంటాయి. 1988లో టోడ్‌ఫిష్ అనే చేప ఈతతిత్తి కండలో ఇది బయటపడింది. సెకనుకి 200 సార్లు కొట్టుకోగల కండ కాబట్టి త్రయాలు దట్టంగా ఉంటాయి, వరసలు స్పష్టంగా దొరుకుతాయి. పల్చటి కోతల్లో ఈ చదరాలు తేలవు. 70 నానోమీటర్ల కోతలో ఒకదాని వెనక ఒకటి దిమ్మలు పడి కలగలిసిపోతాయి. గడ్డకట్టించి, పొరని మధ్యకి చీల్చి, ప్లాటినం పూత అచ్చు తీస్తేనే కణికలు లెక్కకి అందుతాయి. గుండెకండలో ఈ చదరాలు లేవు. అక్కడ బయటి నుంచి కాల్షియం రావాలి, అస్థికండలో అలా రాకపోయినా ముడుచుకోమనే ఆజ్ఞ అందుతుంది.

పిక్కబలం:
కణజాలం నిలబెట్టేవాళ్లకి ఒక్క మాట. కండని కోసి నేరుగా ద్రావణంలో వేయకండి, ముడుచుకుపోయి లేతపట్టీ (సన్నపోగులు మాత్రమే ఉండే పట్టీ) మాయమవుతుంది. ఒంట్లో ఉన్న పొడవులోనే పుల్లకి రెండు చివర్లా కట్టి, అప్పుడు కోసి ముంచండి. ముక్క మందం మిల్లీమీటరు దాటితే నడిమికి ద్రావణం చేరేలోగా లోపల చెడుతుంది. మన మాట గురించి కూడా: ‘నరం పట్టేసింది’ అంటే డాక్టర్లు కండ అని దిద్దుతారు. పిక్క పట్టడం ఎక్కువగా కదలిక నరం అదుపు తప్పి ఆజ్ఞలు పంపడం వల్లే కాబట్టి జనం మాట అంత తప్పేమీ కాదు. శవం బిగుసుకోవడం వేరు, అక్కడ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అయిపోయి మందపోగు తల సన్నపోగుని వదల్లేదు.

బాలవ్యాకరణం:
నరం అంటే మనవాళ్లకి నాడి, రక్తనాళం, స్నాయువు మూడూను. అది వేరే చర్చ. ‘రం’ ప్రత్యయానికి మాత్రం ఇంకా ఉదాహరణ రాలేదు.

మాత్రాగణం:
కణదర్శిని గారూ, పాదాలనే ఉంచండి. కింద పటం శీర్షికలో ‘పాదాలు, ఒకటి విడిచి ఒకటి’ అని పడితే, చూడండి, 3+4 కాకపోయినా నాలుక మీద నిలుస్తుంది. ‘కలిగితె’ మాత్రం హ్రస్వంగానే అచ్చువేయించండి, ప్రూఫుల్లో ఎవరైనా దీర్ఘం పెట్టేస్తారు.