బొమ్మ అల్లికలోనే రావాలా, విడిగా అల్లి పైన కుట్టాలా? మా ఓరుగల్లు దుప్పటి పేచీ

హన్మకొండ ఊలుబుట్ట:
మా అక్క కూతురు చదువుకోవడానికి అమెరికా వెళ్తోంది. తనకోసం ఆరుగురం కలిసి క్రోషే దుప్పటి అల్లుతున్నాం. తొమ్మిది అంగుళాల స్క్వేర్లు 20. అడ్డం నాలుగు, నిలువు ఐదు. సగం సాదావి, మిగతా సగం మీద మన దగ్గరి బొమ్మలు. కోటలోని కీర్తి తోరణం, రామప్ప గుడి గోడ చుట్టూ వరసగా నడిచే ఏనుగుల్లో ఒకటి, ఇంకా 2014లో రాష్ట్ర గుర్తులుగా ప్రకటించిన పాలపిట్ట, జింక, తంగేడు, జమ్మి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి అక్కడ ఎవరడిగినా పిల్ల చెప్పుకోవచ్చు.

పేచీ ఎక్కడంటే, ముగ్గురం బొమ్మను రంగులు మార్చుకుంటూ అల్లికలోనే తేవాలంటున్నాం. మిగతా ముగ్గురు సాదా స్క్వేర్ అల్లి, బొమ్మ విడిగా చేసి పైన కుట్టేద్దాం అంటున్నారు. అక్కడ మెషీన్లో ఉతికి, డ్రయ్యర్లో వేస్తారు. పైన కుట్టిన ముక్క అంచులు కొన్నాళ్లకే చుట్టుకుపోతాయి, ఒక దారం లేచిందంటే బొమ్మంతా ఊడొస్తుంది. అల్లికలో పుట్టిన బొమ్మకు ఆ భయం లేదు. మీరేమంటారు?

జమ్మికుంట అల్లిక:
అక్కా, నేను మీ అవతలి ముగ్గురి వైపు. రంగులు మార్చి అల్లేటప్పుడు వాడని దారాన్ని కుట్ల లోపల దాచి మోసుకెళ్తాం కదా. రెండు రంగులైతే సరే. మూడో రంగు చేరిందంటే స్క్వేర్ అట్టలా బిగుసుకుంటుంది, లోపలి ముదురు రంగు లేత కుట్ల సందుల్లోంచి కనబడుతుంది. అట్ట లాంటి పది స్క్వేర్లు, మెత్తటి పది స్క్వేర్లు కలిపి కుడితే దుప్పటి ఒంటి మీద పడాల్సినట్టు పడదు. బరువు సంగతి కూడా చూడండి, సూట్‌కేసుకు 23 కిలోలే.

ఇంకోటి, తంగేడు పువ్వు. ఐదు రేకులు. విడిగా అల్లితే రేకుకు రేకు గుండ్రంగా వస్తుంది. సింగిల్ క్రోషేలో, అంటే పొట్టి కుట్టుతో, గళ్ల లెక్కన వేస్తే మెట్లు మెట్లుగా వచ్చి పసుపు మరకలా ఉంటుంది.

కాజీపేట రైల్వే కాలనీ:
మూల నుంచి మూలకు అల్లే సీటూసీ పద్ధతి ఉంది కదా, గొడవే ఉండదు.

హన్మకొండ ఊలుబుట్ట:
అది దుప్పటంతా కలిపి ఒకే పెద్ద బొమ్మ వేసేవాళ్లకు బాగుంటుంది తమ్ముడూ. మామూలు ఫోర్ ప్లై ఊలుతో తొమ్మిది అంగుళాల్లో పదమూడు, పదిహేను గళ్లకు మించి పట్టవు. పదిహేను గళ్లలో జింక కొమ్ములు ఎక్కడ పెట్టేది?

కొత్తవాడ కోడలు:
నేను ఊలుబుట్ట అక్క మాటే అంటాను. మా వాడలో నేసే దరీలకు, అదే నేల మీద పరిచే జంపఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పాత పద్ధతిలో నేసిన వాటి మీద డిజైను అద్దింది కాదు, కుట్టింది కాదు, పేకలో (అడ్డదారంలో) రంగులు మారుస్తూ నేతలోనే తెస్తారు. అందుకే ఏళ్ల తరబడి తొక్కినా, దులిపినా డిజైను నిలుస్తుంది. ఓరుగల్లు పేరు పెట్టిన దుప్పటికి ఆ పద్ధతే తగింది.

కాకపోతే మామూలు గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీయకండి. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. నా చేతికి పది కుట్ల వెడల్పు, పన్నెండు వరసల ఎత్తు దాదాపు సమానం. 36 కుట్ల స్క్వేరుకు 43 వరసలు కావాలి. సమానమైన గళ్లలో గీసిన ఏనుగు అల్లేసరికి అణిగిపోయి కాళ్లు పొట్టివైపోతాయి. ముందు నాలుగంగుళాల నమూనా అల్లి, కుట్లు, వరసలు లెక్కపెట్టి, ఆ లెక్కన ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గళ్లు గీసుకోండి. ఆరుగురి చేతి బిగువు ఆరు రకాలుంటుంది, ఎవరి నమూనా వాళ్లదే.

మహబూబాబాద్ టీచర్:
పైన కుట్టడం అంటే తక్కువ రకం పని అన్నట్టు మాట్లాడకండి అమ్మా, బాధేస్తుంది. మా లంబాడీ తండాల్లో పెద్దవాళ్ల పేటియా (లంగా), కాంచళి (రవికె) చూడండి. అద్దాలు, గవ్వలు, రంగు గుడ్డ ముక్కలు అన్నీ పైన కుట్టినవే. ఆ బట్టలతో పొలం పని చేశారు, బండ మీద బాది ఉతికారు. ఊడిపోయేది కుట్టు సరిగా లేకపోతేనే.

క్రోషే ముక్కకైతే ముందు చుట్టూ స్లిప్ స్టిచ్‌తో ఒక వరస వేసి అంచు గట్టిపరచాలి. ముక్క రంగు దారంతోనే, అంచు లోపలి వైపు, దగ్గర దగ్గరగా వెనక్కి పొడిచి కుట్టాలి. నడుమ కూడా అక్కడక్కడ కింది స్క్వేరుకు తగిలించాలి. చాలామంది అంచు ఒక్కటే కుట్టి వదిలేస్తారు, ఉతికినప్పుడు నడుమ ఉబ్బి లాగేది అందుకే. చివరి దారం పొట్టిగా కత్తిరించకుండా ఆరంగుళాలు ఉంచి, మూడు దిక్కులకు తిప్పి లోపల దాచాలి.

హన్మకొండ ఊలుబుట్ట:
టీచర్ గారూ, లంబాడీ కుట్టును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ అక్కడ కింద గట్టి నేత బట్ట ఉంది. మన అడుగు స్క్వేర్ సాగే అల్లిక. కింద సాగి, పైన సాగకపోతే ముక్క మీదే లాగుడు పడుతుంది. నా భయం అక్కడే.

బిగుసుకుపోతుందన్న చెల్లెకు: రెండు రంగులకు మించితే దారం లోపల మోయక్కర్లేదు. రంగుకో చిన్న ఉండ చుట్టుకుని, ఎక్కడి రంగు అక్కడే వదిలి, తిరుగు వరసలో అక్కడే అందుకోవాలి. పాత రంగుతో వేసే ఆఖరి కుట్టు పూర్తిగా ముగించకుండా, చివరి లాగుడు కొత్త రంగుతో లాగితే గీత శుభ్రంగా వస్తుంది. ఉండలు చిక్కు పడతాయి, టెన్షన్ పెడతాయి, ఒప్పుకుంటా. స్క్వేర్ మాత్రం మెత్తగానే ఉంటుంది.

తోరణం గురించి కూడా చెప్పాలి. కింది నుంచి పైకి అల్లితే స్తంభాల అంచులు నిటారుగా రావు. ప్రతి వరసా తిప్పి అల్లితే అర కుట్టు అటూ ఇటూ జరిగి రంపం పళ్లలా వస్తాయి. తిప్పకుండా ఒకే వైపు నుంచి అల్లితే కుట్లన్నీ కుడికి వాలతాయి, స్తంభాలూ వాటితోపాటే. అందుకని గ్రాఫ్‌ను పక్కకు తిప్పి, తోరణాన్ని పడుకోబెట్టి అల్లుతున్నాం. స్తంభాలు వరసల వెంట పోతాయి కాబట్టి గీత గీసినట్టు వస్తున్నాయి. పై దూలం అంచు కొంచెం గరుకుగా వచ్చినా అక్కడ హంసలు, వేలాడే తామర మొగ్గలు ఉంటాయి, కంటికి ఆనదు. విడిగా అల్లి కుట్టిన స్తంభం అంత తిన్నగా నిలవడం నేను చూడలేదు.

జమ్మికుంట అల్లిక:
తోరణం మీకు వదిలేశాను అక్కా. పక్కకు తిప్పే ఉపాయం నాకు తెలీదు, నేర్చుకుంటా. కానీ పాలపిట్ట దగ్గర ఒప్పుకోను. కూర్చున్నప్పుడు గోధుమ రంగు ఛాతీ, రెక్క విప్పితే ముదురు నీలం, లేత నీలం పట్టీలు. కన్ను, ముక్కు కలుపుకుంటే ఒక్క స్క్వేరులో ఎన్ని ఉండలు వేలాడాలి? వెనకాల ఎన్ని చివరలు దాచాలి? దాచిన ప్రతి చివరా ఉతుకుడుకు బయటికొచ్చే దారే. విడిగా అల్లితే రెక్కకు పట్టీ తర్వాత పట్టీ, ఒక్కో రంగు ఒక్కోసారి, అయిపోయింది.

కొత్తవాడ కోడలు:
చెరొక పాలపిట్ట అల్లి ఉతికి చూడండి. ఒకే ఊలు, ఒకే 4 మి.మీ. సూది.

హన్మకొండ ఊలుబుట్ట:
నాకు సరే. నాది రంగు మార్చేది. టీచర్ గారు చెప్పినట్టే కుట్టాలి చెల్లె, ఊరికే అంచు కుట్టి పంపొద్దు. మెషీన్లో ఒక సంచిలో రెండూ వేసి ఉతుకుతాను. డ్రయ్యర్ తక్కువ వేడి మీదే, యాక్రిలిక్ ఊలుకు వేడి ఎక్కువైతే సాగిపోయి మళ్లీ దగ్గరికి రాదు. ముందు, వెనక ఫొటోలు రెండింటివీ ఇక్కడే పెడతా.

జమ్మికుంట అల్లిక:
అలాగే. లేత నీలం ఇక్కడ మంచిది దొరకడం లేదు, చౌరస్తా దగ్గర దొరికితే నాకూ ఒక ఉండ తీసిపెట్టండి. ఇద్దరం రెక్క విప్పిన పిట్టనే వేద్దాం, కూర్చున్నదైతే పోలిక తేలదు.