ట్రైకో మాట వినకపోవడం: ఆట లోపమా, కావాలని పెట్టిందా?

పాతకోట

‘ది లాస్ట్ గార్డియన్’ అనే వీడియో ఆట గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తోంది. అందుకే దీనికి వేరే చర్చ తెరుస్తున్నాను. కథలోని ఘట్టాలు వస్తాయి. ఆడబోతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆడనివాళ్ళకు రెండు ముక్కలు. ఫుమితో ఉయెదా దర్శకత్వంలో 2016 డిసెంబరులో పీఎస్4కి (ప్లేస్టేషన్ 4) వచ్చిన ఆట ఇది. శిథిలమైన కోట అడుగున ఒక పిల్లాడికి మెలకువ వస్తుంది. ఒంటి నిండా పచ్చబొట్లు. పక్కనే గొలుసుతో కట్టేసిన ట్రైకో: ఒళ్ళంతా ఈకలు, పక్షి కాళ్ళు, కుక్క మొహం, పిల్లి వాలకం, చిన్న ఇల్లంత ఆకారం. పిల్లాడు దూరగలిగిన సందులో ట్రైకో పట్టదు, ట్రైకో దూకగలిగిన ఎత్తు పిల్లాడికి అందదు. ఇద్దరూ కలిసి బయటపడాలి.

కంట్రోలర్ మీది ఆర్1 బటన్ నొక్కితే పిల్లాడు ట్రైకోను పిలుస్తాడు. ఆట కొంత సాగాక ఆర్1 పట్టుకుని త్రికోణం నొక్కితే ‘దూకు’ అని సైగ చేయడం వస్తుంది. గొడవంతా ఇక్కడే. ఒక్కోసారి వెంటనే దూకుతుంది. ఒక్కోసారి చెవి గోక్కుంటూ కూర్చుంటుంది. ఒక్కోసారి వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోతుంది.

నా దృష్టిలో ఇది లోపమే. పజిల్ ఆటలో సరైన పని చేస్తే అది సరైనదని తెలియాలి. మన ఆలోచన తప్పా, ట్రైకోకు ఇప్పుడు బుద్ధి పుట్టలేదా అన్నది తేలకపోతే, జవాబు చేతిలో ఉన్నా వదిలేసి కోటంతా తిరుగుతాం. ‘జంతువు కదా, అలాగే ఉంటుంది’ అనడం ఆ లోపం మీద దుప్పటి కప్పడమే.

గూటిపిట్ట

పాతకోట గారూ, నేను ఒప్పుకోను. ట్రైకో ఊరికే మొండికేయదు. కదలనప్పుడు పదింట తొమ్మిదిసార్లు కారణం కళ్ళ ముందే ఉంటుంది.

మొదట ఒళ్ళు చూడండి. పోరాటం అయ్యాక ఈటెలు దిగబడి ఉంటే వీపెక్కి ఒక్కొక్కటీ పీకాలి. మెడ వెనక, రెక్కల మొదట్లో ఉన్నవి ఈకల్లో కలిసిపోయి కనబడవు, కెమెరాను చుట్టూ తిప్పి చూసుకోవాలి. పీకాక కూడా అది వణుకుతూ, గుర్రుమంటూ ఉంటే మెడ నిమరాలి. కోటకు కాపలా ఉండే కవచ బొమ్మలతో కొట్లాడిన ఆవేశం దిగేదాకా సైగలు పట్టించుకోదు. రెండోది ఆకలి. దగ్గర్లో నీలంగా మెరిసే పీపా ఉంటే ముందు అది దాని నోట్లో పడాలి. మూడోది భయం. రంగు అద్దాలతో చేసిన కన్ను గుర్తు ఎదురుగా ఉన్నంతసేపు ఎంత పిలిచినా అడుగు ముందుకు వేయదు. అది వేలాడుతుంటే పడగొట్టాలి, బొమ్మలు పట్టుకున్న పలక మీద ఉంటే చేతుల్లోంచి పడేయించాలి. ఆ పని పిల్లాడిదే, అక్కడ ట్రైకో సాయం రాదు.

ఇవన్నీ అయ్యాక చాలామంది చేసే తప్పు ఒకటుంది: బటన్‌ను అదేపనిగా నొక్కడం. సైగ చేసిన వెంటనే ట్రైకో తల పైకెత్తి ఆ వైపు చూస్తుంది, చెవులు నిక్కబొడుచుకుంటుంది, వెనక కాళ్ళు మడుస్తుంది. మడిచాక మళ్ళీ నొక్కితే ఆ ప్రయత్నం వదిలేసి మీ మొహం చూస్తుంది. ఒక్కసారి చెప్పండి, కంట్రోలర్ మీది వేలు తీసేయండి, నెమ్మదిగా పది అంకెలు లెక్కపెట్టండి. ఆ పదిలోపు దాని తల అసలు తిరగకపోతేనే మీరు చూపించిన దిక్కు తప్పు.

రాతిబల్ల

ఇద్దరి మాటలోనూ ఒక్కటి తప్పిపోతోంది. ఇదే ఉయెదా 2001లో పీఎస్2కి చేసిన ‘ఐకో’ను పక్కన పెట్టి చూడండి. అక్కడ కొమ్ములున్న పిల్లాడు యోర్డా అనే అమ్మాయిని కోట దాటించాలి. యోర్డా కూడా చెప్పిందల్లా చేయదు: తనంతట తాను తిరుగుతుంది, నిచ్చెన దగ్గర తటపటాయిస్తుంది, పావురాల వైపు పోతుంది. అయినా ఆమె మీద ఇంత కోపం ఎవరికీ రాలేదు. ఎందుకు?

చేయి. ఐకోలో ఆర్1 పట్టుకుంటే పిల్లాడు యోర్డా చేయి పట్టుకుంటాడు. పరుగెత్తితే ఆమె భుజం ముందుకు లాగినట్టు వస్తుంది, కాలు ఒక అడుగు వెనకబడుతుంది, మన చేతిలో కంట్రోలర్ అదురుతుంది. ఆమె ఎంత వెనకుందో, రావడానికి సిద్ధంగా ఉందో లేదో చూడకుండానే అరచేతికి తెలుస్తుంది. అగాధం దాటాల్సిన చోటా అంతే: మీరు అవతలి అంచు మీద సరిగ్గా నిలబడి ఆర్1 పట్టుకుంటే పిల్లాడు చేయి చాపుతాడు, ఆమె దూకుతుంది, మీరు లాగుతారు. అంచుకు దూరంగా ఉంటే ఆమె ఆగిపోతుంది. తప్పు ఎవరిదో సందేహం ఉండదు.

కొత్తగా కాడి కట్టిన కోడె కూడా చెప్పగానే నడవదు. కానీ రైతు చేతిలో పగ్గం ఉంటుంది. అది మొండికేస్తోందా, బెదిరిందా అన్నది పగ్గం బిగువే చెబుతుంది. ఐకోలో ఆ పగ్గం ఉంది. లాస్ట్ గార్డియన్‌లో ఆర్1 ఒక కేక మాత్రమే. కేక వేసి చూస్తూ ఉండాలి. నా తగాదా ట్రైకో ఆలస్యంతో కాదు, ఆ ఆలస్యం మన చేతికి తెలియకపోవడంతో.

ఫ్రేములెక్క

రాతిబల్ల గారి మాటను నా వైపు నుంచి పొడిగిస్తాను. చేతికి తెలియనప్పుడు కంటికైనా తెలియాలి. గూటిపిట్ట గారు చెప్పిన చెవులు, తల, మడిచిన కాళ్ళు అన్నీ నిజమే. అవి కనబడాలంటే కెమెరా వాటిని చూపించాలి కదా.

ఈ ఆటలో అదే అసలు జబ్బు. ఇరుకు నడవాలో ట్రైకో మీ వెనక దూరిందంటే కెమెరా గోడకూ ఈకలకూ మధ్య ఇరుక్కుంటుంది, చోటు చాలక తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వేరే కోణంలో తెరుచుకుంటుంది. ఆ కోణం మారడంతో మీరు చూపించిన దిక్కు కూడా మారిపోతుంది. సైగ కెమెరాను బట్టి పోతుంది కాబట్టి ‘ముందుకు’ అన్నది కాస్తా ‘గోడకేసి’ అవుతుంది. ఇది ట్రైకో స్వభావం కాదు.

రెండోది ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల (ఫ్రేముల) లెక్క. 2009లో ఈ3 అనే వీడియో ఆటల ప్రదర్శనలో పీఎస్3 కోసం ప్రకటించిన ఆట, 2015 ఈ3లో పీఎస్4 ఆటగా మళ్ళీ కనబడింది. అన్నేళ్ళు నలిగినా మామూలు పీఎస్4 మీద విశాలమైన చోట్ల 30 కంటే కిందికి జారుతుంది. పీఎస్4 ప్రోను 1080పీకి పెట్టి ఆడితే చాలా నిలకడగా ఉంటుంది, 4కేలో మళ్ళీ జారుతుంది. పిల్లాడి కదలికలే బరువుగా, తడబడుతూ ఉండేలా చేశారు. దాని మీద ఫ్రేములు పడిపోతే బటన్‌కూ చర్యకూ మధ్య సందు ఇంకా పెరుగుతుంది. సైగ అందలేదనుకుని మళ్ళీ నొక్కుతాం, గూటిపిట్ట గారు వద్దన్నది సరిగ్గా అదే చేస్తాం.

డిస్కు ఉన్నవాళ్ళు పీఎస్5లో ఒకటి చేసి చూడండి. నెట్ తీసేసి, అప్‌డేట్ పడకుండా డిస్కులోని 1.00 వెర్షన్‌తోనే ఆడండి. అందులో ఫ్రేములకు 30 అనే కట్టడి లేదు కాబట్టి పీఎస్5 దాన్ని 60 దాకా లాగుతుంది. తర్వాత వచ్చిన ప్యాచ్ 30 దగ్గర కట్టేసింది. డిజిటల్ కాపీ కొన్నవాళ్ళకు ఈ దారి లేదు. 1.00లో తర్వాతి దిద్దుబాట్లు ఉండవు, అది తెలిసే ఆడాలి.

పాతకోట

గూటిపిట్ట గారూ, మీరు చెప్పిన కారణాలన్నీ ఒప్పుకుంటాను. కానీ నీళ్ళలో మునిగే చోటు సంగతేమిటి? ఈటెల్లేవు, కన్ను గుర్తు లేదు, ఆకలీ తీర్చాం. నీటి అడుగున సొరంగం ఉంది, ట్రైకో మునిగితేనే దారి. ఎంతోమంది ఆట వదిలేసింది అక్కడే. చాలామంది మునగడం దారి కాదేమో అనుకుని గది గోడలన్నీ వెతికారు.

గూటిపిట్ట

నిజమే, ఆట మొత్తంలో అత్యంత చిరాకు పెట్టే చోటు అది. వరస ఇది. మొదట ట్రైకో నీళ్ళలోకే దిగదు, పీపాను నీళ్ళలోకి విసిరి ఆశ పెట్టాలి. దిగాక మీరు పక్కన ఈదుతూ పిలిస్తే అది మీ చుట్టూ తిరుగుతుందే తప్ప మునగదు, ఎందుకంటే మునగడం మిమ్మల్ని తీసుకెళ్ళడానికే. వీపు మీదికి ఎక్కండి, మెడ దగ్గరికి పాకండి. పట్టు దానంతటదే పడుతుంది, కత్తెర గుర్తు (X) బటన్ మాత్రం నొక్కవద్దు, నొక్కితే పిల్లాడు పట్టు వదిలేస్తాడు. సొరంగం వైపు కెమెరా తిప్పి, ఒక్క సైగ చేసి, ఊరుకోండి. అది ఈదుకుంటూ లోతైన చోటికి చేరి మునుగుతుంది. మధ్యలో కంగారుపడి దిగిపోతే మళ్ళీ మొదటికే.

పాతకోట గారి మాట ఇక్కడ ఒప్పుకుంటున్నాను: ఈ వరసలో ‘వీపు మీద ఉంటేనే మునుగుతుంది’ అన్నది ఆట ఎక్కడా ముందుగా నేర్పలేదు. మనం ఇరుక్కుపోతే పెద్దవాడయ్యాక ఇదంతా గుర్తుచేసుకునే ఆ పిల్లాడి గొంతు కథ చెబుతూ సూచన ఇస్తుంది కానీ అది ఏం చేయాలో చెబుతుంది, ఎలాగో చెప్పదు.

కొత్తబోయ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రెండూ ఆడలేదు. ముందు ఏది ఆడాలి?

రాతిబల్ల

ఐకో, బాబూ. చిన్న ఆట, నాలుగైదు కూర్చోవడాల్లో అయిపోతుంది. పీఎస్3కి 2011లో వచ్చిన హెచ్‌డీ కాపీ దొరికితే అది తీసుకో. మొదట అమెరికాలో అమ్మిన పీఎస్2 కాపీలో రెండోసారి ఆడినప్పుడు యోర్డా మాటలకు అర్థం కనబడదు, ఇద్దరు ఆడే సౌకర్యమూ లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకో: యోర్డాను ఎత్తుకుపోవడానికి వచ్చే నీడ ఆకారాలు నిన్ను చంపవు. యోర్డాను నల్లటి సుడిగుండంలోకి లాగేస్తేనే ఆట పోతుంది. నీడ ఆమెను ఎత్తుకుపోతుంటే దాని వెంట పరుగెత్తకుండా సుడిగుండం దగ్గర కాపు కాయి. ఆమె అందులో కూరుకుపోతున్నా గట్టున నిలబడి ఆర్1 పట్టుకుంటే పైకి లాగవచ్చు.

ఫ్రేములెక్క

రాతిబల్ల గారూ, మీ పగ్గం మాటకు నాదొక ఎదురు ప్రశ్న. ట్రైకో సైజు జంతువుకు పగ్గం పెడితే అది వాహనం అయిపోదా? వీపెక్కి ఎటు తిప్పితే అటు పోయే గుర్రాలు ఎన్ని ఆటల్లో లేవు? అది తోడు కాదు, బండి. ఉయెదా అటు పోకపోవడం సరైన నిర్ణయమే. నేను కోరేది కెమెరా బాగుండాలనే, ట్రైకో విధేయంగా ఉండాలని కాదు.

రాతిబల్ల

పగ్గం అంటే నడిపించడానికి కాదండీ, తెలుసుకోవడానికి. వీపు మీద చేయి వేసినప్పుడు దాని ఊపిరి, వణుకు, కండరం బిగుసుకోవడం కంట్రోలర్‌లో వేర్వేరు అదురులుగా అందితే చాలు. ఐకో కంటే 15 ఏళ్ళ తర్వాత వచ్చిన ఆటలో అది ఇంకా పదునుగా ఉండాల్సింది.

పాతకోట

నా మొదటి మాటను కొంత సవరించుకుంటాను. ‘మాట వినకపోవడం లోపం’ అన్నాను. మీ మాటలు విన్నాక, కారణం కనబడే ఆలస్యాన్ని లోపం అనలేను. కన్ను గుర్తు ముందు అది వెనకడుగు వేసినప్పుడు చిరాకు రాదు, జాలే కలుగుతుంది. ఏ కారణమూ కనబడని ఆలస్యం మాత్రం ఇప్పటికీ లోపమే. రెండూ పైకి ఒకేలా కనబడటం ఇంకా పెద్ద లోపం. ఆ మాట మీద నిలబడే ఉన్నాను.

గూటిపిట్ట

అయితే కూలిపోయే వంతెన చోటును ఎక్కడ పెడతారు? 2015లో ఈ3లో చూపించింది అదే. ట్రైకో ముందు అవతలికి దూకేస్తుంది. పిల్లాడు ఇవతల ఉండిపోతాడు, మధ్యలో దాటలేనంత ఖాళీ. అది వెనక్కి తిరిగి, మెడ చాపి, మిమ్మల్ని పిలుస్తుంది. మీరు దూకితే నోటితో అందుకుంటుంది. తర్వాతి దూకులో నోటికి అందక జారిపోతారు, కిందికి పడుతుండగా తోక ఎదురొస్తుంది.

అక్కడ పిలుపు దానిది. తటపటాయించేది మనం. అంచు దగ్గర బొటనవేలు త్రికోణం మీద ఉంచి నొక్కకుండా నిలబడిన ఆ కొన్ని క్షణాల్లో మనం చేసేది, అంతకుముందు గట్టు మీద ట్రైకో చేసిందే. అప్పటిదాకా అది పిలవగానే దూకే బండిలా ఉండి ఉంటే, ఈ దూకు ఒక బటన్‌గా మిగిలేది.

ఆ చోట ఇరుక్కున్నవాళ్ళకు: అంచు మీద నిలబడి దూకకండి, దూరం చాలదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి, కెమెరాను దాని మొహం మధ్యకు తెచ్చుకుని, పరుగు మీద త్రికోణం నొక్కండి. ఆర్1తో పని లేదు, అది అప్పటికే మిమ్మల్ని చూస్తోంది.