మక్కలేసే చిన్న రైతుకి ఇథనాల్ ఫ్యాక్టరీతో ఒప్పందం లాభమా?

ఉప్పల్‌వాసి:
పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ (పంటల నుంచి తీసే ఆల్కహాల్) 2030కి అనుకుంటే 2025లోనే వచ్చేసింది. మక్కల ఇథనాల్‌కి ఆయిల్ కంపెనీలు 2025లో లీటరుకి రూ.71.86 ఇచ్చాయి. మా నాన్న సిద్దిపేట దగ్గర రెండెకరాల్లో మక్కలే వేస్తాడు, 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కి 2,400 ఉండగా మొన్న వ్యాపారికి 1,900కే ఇచ్చేశాడు. ఫ్యాక్టరీయే ఒప్పందం రాసుకుని నేరుగా కొంటే ఈ బాధ ఉండదు కదా, కొందరు ఎందుకు వద్దంటారో నాకు అర్థం కావట్లేదు.

లెక్కల మాస్టారు:
క్వింటాల్ మక్కలకి అటూ ఇటూగా 38 లీటర్లు వస్తుంది, అంటే 2,730 రూపాయలు. మీ నాన్నకి 2,400 ఇస్తే మిగిలిన 330లోనే కరెంటు, కూలీ, బ్యాంకు వడ్డీ అన్నీ వెళ్ళాలి. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి దాణాకి అమ్ముకుంటారు, అదే కాస్త ఆసరా. ఇథనాల్ ధర సర్కారు చేతిలో ఉంది కాబట్టి ఫ్యాక్టరీ వాళ్ళు బిగించగలిగేది రైతు దగ్గరే. వ్యాపారి పోయి ఫ్యాక్టరీ వస్తుంది, అంతే తమ్ముడూ.

పటాన్‌చెరు పాతకాపు:
మా వైపు ఇక్రిశాట్ (పంటల పరిశోధన సంస్థ) వాళ్ళు చెరకులా కాడలో తీపి రసం ఉండే తీపి జొన్నతో ఇది ఎప్పుడో చేసి చూశారు. కోసిన చొప్పని ఒక రోజులో గానుగాడించాలి, ఆలస్యమైతే తీపీ పోతుంది, బరువూ పోతుంది. ట్రాక్టర్ గేటు బయట ఒక రాత్రి ఆగితే ఆ నష్టం ఎవరిది? అందుకే 2008లో నర్సాపూర్ దగ్గర ఇబ్రహీంబాద్‌లో ఊళ్ళోనే గానుగ పెట్టి, రసం కాచి పాకం పంపుదామన్నారు. ఆలోచన మంచిదే, కానీ చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్ చవగ్గా దొరుకుతుంటే ఇథనాల్ తీసే డిస్టిలరీ మన పాకం ఎందుకు కొంటుంది?

ఆముదపు గింజ:
బ్రెజిల్ 2004లో ఇంకో దారి పట్టింది. చిన్న రైతుల దగ్గర కొంటేనే బయోడీజిల్ (నూనె గింజల నుంచి చేసే డీజిల్) కంపెనీకి పన్ను రాయితీ అన్నారు. ఆ దేశపు ఈశాన్యంలో మన పాలమూరు లాంటి ఎండు నేలల్లో ఆముదం వేయించారు. ఆ నూనె మరీ చిక్కన, పైగా కెమికల్ కంపెనీలు ఎక్కువ ధర ఇస్తుంటే డీజిల్‌లో ఎవరు పోస్తారు? చివరికి సోయాయే గెలిచింది, లాభం ఎక్కువగా దక్షిణాన సహకార సంఘాలున్న రైతులకి పోయింది. అందుకే నేనైతే ఒప్పందం వద్దనను, ఒంటరిగా సంతకం పెట్టొద్దు, సంఘంగా కలిసి పెట్టమంటాను.

ఉప్పల్‌వాసి:
రాత్రి ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పా. "సంఘం సంగతి తర్వాత, తేమ మిషన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందది అడుగు" అన్నాడు. మొన్న గింజ కొరికితే పంటికింద టక్కుమందట, మిషన్ మాత్రం తేమ 17 శాతం చూపించింది. 14 దాటిందని తూకంలో కోత పెట్టారు. అనుమానమొచ్చి, వారం రోజులు డాబా మీద ఎండబెట్టిన పక్కింటాయన మక్కలు పెట్టి చూడమంటే దానికీ 17ఏ వచ్చిందట.