ఆసియా కప్‌లో 1964 నాటి రెండో స్థానాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి?

గాజువాక మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో సాంఘికశాస్త్రం బోధిస్తాను, సాయంత్రాలు ఇరవై మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. గత వారం ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు, మన దేశం ఆసియా కప్‌లో ఎప్పుడైనా బాగా ఆడిందా అని అడిగాడు. 1964లో రెండో స్థానం సాధించామని నేను గర్వంగా చెప్పాను. అక్కడే నిలబడి ఆట చూస్తున్న ఒక పెద్దాయన, ఆ పోటీలో ఆడినవి నాలుగే జట్లని, మనం అర్హత కోసం ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అక్కడికి వెళ్ళామని, దానిని ఘనతగా చెప్పడం పిల్లలను మభ్యపెట్టడమేనని అన్నారు. ఇంటికి వెళ్ళి పాత పుస్తకాలు తిరగేస్తే ఆయన చెప్పిన రెండు సంగతులూ నిజమేనని తేలింది. అప్పటి నుంచి నాకు పాలుపోవడం లేదు. పిల్లలకు అరకొర నిజం చెప్పడం నాకు ఇష్టం లేదు, అలాగని ఆ ఆటగాళ్ళ శ్రమను తీసిపారేయడానికీ మనసు ఒప్పడం లేదు. ఆ రెండో స్థానానికి నిజంగా ఎంత విలువ ఇవ్వాలి? తెలిసినవారు వివరంగా రాయగలరు.

వాల్తేరు పాఠకుడు:

మాస్టారూ, పెద్దాయన చెప్పినది నిజమే కానీ అది సగమే. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్ కావడం వల్ల చాలా దేశాలు ఆ పోటీ నుంచి తప్పుకున్నాయి. మన విభాగంలోని మిగిలిన జట్లన్నీ అలా తప్పుకోవడంతో మనకు నేరుగా ప్రవేశం దొరికింది. ఇక నాలుగు జట్ల విషయానికి వస్తే, ఆ రోజుల్లో ఆసియా కప్ తుది పోటీ స్వరూపమే అది. 1956లోనూ, 1960లోనూ నాలుగేసి జట్లే లీగ్ పద్ధతిలో ఆడాయి, ఆ రెండు సార్లూ దక్షిణ కొరియా విజేతగా నిలిచింది. కొరియా గెలిచిన ఆ కప్పులను ఎవరూ తక్కువ చేసి మాట్లాడనప్పుడు మన రెండో స్థానాన్ని మాత్రమే ఆ కారణంతో తగ్గించడం న్యాయం కాదు. పైగా 1960 పోటీకి అర్హత మ్యాచ్‌లు 1959 డిసెంబరులో మన కొచ్చిలోనే జరిగితే, ఇజ్రాయెల్, ఇరాన్, పాకిస్తాన్ జట్ల వెనుక మనం అట్టడుగున నిలిచాము. నాలుగు జట్ల పోటీలోకి వెళ్ళడం కూడా అప్పట్లో మనకు సులభం కాదని దానిని బట్టే తెలుస్తుంది.

1964లో మన మొదటి మ్యాచ్ ఆ దక్షిణ కొరియాతోనే. రెండు సార్లు వరుసగా కప్పు గెలిచిన దేశాన్ని మనం 2–0తో ఓడించాము. ఆ తరువాత ఇజ్రాయెల్ చేతిలో 0–2తో ఓడి, హాంకాంగ్‌పై 3–1తో గెలిచాము. గెలుపుకు రెండు పాయింట్లు ఇచ్చే ఆ లెక్కలో మనకు నాలుగు పాయింట్లు వచ్చాయి. మన ఆట జూన్ 2న ముగిసింది. మరునాడు కొరియా ఇజ్రాయెల్‌ను ఓడించి ఉంటే మూడు జట్లూ నాలుగేసి పాయింట్లతో సమానంగా నిలిచేవి. ఇజ్రాయెల్ 2–1తో గెలిచి, మూడు మ్యాచ్‌లకు మూడూ నెగ్గి కప్పు తీసుకుంది. అంటే చివరి రోజు వరకు కప్పుపై మన ఆశ సజీవంగానే ఉంది.

ఇంకొక సంగతి కూడా పిల్లలకు చెప్పండి. కొరియాపై మనం గెలిచిన తేదీ 1964 మే 27. జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూసిన రోజు అదే. దేశమంతా దుఃఖంలో మునిగిన ఆ రోజున ఒక ఫుట్‌బాల్ విజయం గురించి మాట్లాడుకునే స్థితిలో ఇక్కడ ఎవరున్నారు? ఆ గెలుపు మన ఇళ్ళలో కథగా మిగలకపోవడానికి అది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

కంచరపాలెం వాసి:

పై మిత్రులు ముఖ్యమైన ఒక పేరు వదిలేశారు. కొరియాపై మొదటి గోల్ చేసిన ఆటగాడి పేరు అప్పలరాజు. సింహాచలం అప్పన్న పేరు మీద వీధికి ఇద్దరు ముగ్గురు అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు, అప్పలనరసమ్మలు ఉండే ఈ ప్రాంతంలో, ఆ పేరు గల ఒక ఆటగాడు ఆసియా కప్‌లో భారతదేశపు తొట్టతొలి గోల్ చేశాడని మన పిల్లలకు తెలియకపోవడం నన్ను ఎంతో బాధిస్తుంది. రెండో గోల్ ఇందర్ సింగ్‌ది. హాంకాంగ్‌పై కూడా గోల్ చేసి, మొత్తం రెండు గోల్స్‌తో ఆ పోటీలో అత్యధిక గోల్స్ చేసినవారిలో ఆయన ఒకరుగా నిలిచారు.

ఆ జట్టును నిలబెట్టినది కూడా తెలుగు నేలే. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో మనం ఇదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచాము. కేన్సర్‌తో పోరాడుతూనే ఆయన ఆ జట్టును నడిపించి, 1963 జూన్‌లో మరణించారు. ఆసియా కప్ నాటికి కోచ్ మారినా, చునీ గోస్వామి కెప్టెన్‌గా ఉన్న ఆ జట్టు రహీం గారు తీర్చిదిద్దినదే. అందుచేత 1964ను ఒంటరి సంఘటనగా కాకుండా జకార్తాతో కలిపి చెప్పండి.

ఎంవీపీ కాలనీ నుంచి:

నేను కొంత విభేదిస్తాను. పెద్దాయన ఆందోళనలో ఒక న్యాయం ఉంది: స్థానాలను పోల్చితే పిల్లలకు తప్పుడు చిత్రమే అందుతుంది. నాలుగు జట్లలో రెండో స్థానాన్ని, ఇరవై నాలుగు జట్లు ఆడిన 2019 పోటీలో తొలి దశలోనే వెనుదిరగడాన్ని ఒకే కొలతతో కొలవలేము. అందుకని మ్యాచ్‌లు లెక్కపెట్టండి. తుది పోటీలకు మనం అయిదు సార్లు వెళ్ళి 16 మ్యాచ్‌లు ఆడాము. మూడు గెలిచాము, ఒకటి డ్రా అయింది, పన్నెండు ఓడిపోయాము. ఆ మూడు విజయాలలో రెండు 1964వే.

1984లో సింగపూర్‌లో ఒక్క గోల్ కూడా చేయలేదు. అయినా ఆ పోటీలో సెమీఫైనల్‌కు చేరిన ఇరాన్‌ను 0–0తో నిలువరించాము. మన ఏకైక డ్రా అదే. 2011 పోటీకి దారి తెరిచిన 2008 ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్‌లో, ఫైనల్ ఢిల్లీకి తరలే వరకు మన మ్యాచ్‌లు హైదరాబాదులోనే జరిగాయి. అయితే ఖతార్‌లో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా కలిసి మన వలలోకి పదమూడు గోల్స్ కొట్టాయి. మన గోల్‌కీపర్ సుబ్రతా పాల్ అన్నేసి షాట్లు ఆపకపోయి ఉంటే అవి ఇంకా పెరిగేవి.

నా దృష్టిలో పిల్లలకు తప్పక చెప్పవలసిన కథ 2019ది. అబుదాబిలో థాయిలాండ్‌ను 4–1తో ఓడించాము. 55 సంవత్సరాల తరువాత ఆసియా కప్‌లో మనకు దక్కిన మొదటి విజయం అది. సునీల్ ఛెత్రి రెండు, అనిరుధ్ థాపా, జెజె లాల్‌పెఖ్లువా చెరొకటి కొట్టారు. తరువాత యూఏఈ చేతిలో 0–2తో ఓడినా, చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు, నాకౌట్ దశకు చేరేవాళ్ళం. తొంభై నిమిషాలు 0–0గా నిలబెట్టాము. అదనపు సమయంలో పెనాల్టీ ఇచ్చుకుని ఓడిపోయాము. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ కట్టేసిన తరువాత కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చక్కటి పాసులతో అందంగా ఆడి ఓడినా ఓటమే, తొంభై నిమిషాలు ప్రాణం పెట్టి కాచుకుని ఓడినా ఓటమే, కానీ ఆ రెండో రకం ఓటమిని నేను ఇప్పటికీ గౌరవంగానే తలచుకుంటాను.

2024 జనవరిలో ఖతార్‌లో మళ్ళీ ఆడినప్పుడు మూడు మ్యాచ్‌లూ ఒక్క గోల్ లేకుండా ఓడిపోయాము. 2027 పోటీకి అర్హతే దక్కలేదు. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడడంతో ఆ దారి మూసుకుపోయింది.

గాజువాక మాస్టారు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎంవీపీ కాలనీ మిత్రులు సూచించినట్టు మ్యాచ్‌ల లెక్కే చెబుతాను, అయితే 1964తోనే మొదలుపెడతాను. శనివారం మైదానం గోడ మీద సుద్దముక్కతో నాలుగు జట్ల పట్టిక గీసి, మన రెండు గెలుపులు, ఒక ఓటమి పిల్లల చేతనే నింపించి, జూన్ 2 సాయంత్రానికి ఎవరికి ఎన్ని పాయింట్లో, మరునాడు ఏమి జరిగితే ఏమయ్యేదో వారినే లెక్క కట్టమంటాను. ఎన్ని జట్లు తప్పుకున్నాయో కూడా దాచకుండా చెబుతాను. ప్రశ్న అడిగిన పిల్లవాడి తాతగారి పేరు కూడా అప్పలరాజే. మొదటి గోల్ ఎవరిదో వాడి చేతనే రాయిస్తాను. ఆ పెద్దాయనను కూడా శనివారం రమ్మని కబురు పంపాను.