బ్యాటరీ మారితే రోబో ఆటానమస్‌లో దారి తప్పుతోంది, టైమ్ విలువలు మార్చితే సరిపోతుందా?

ప్రశ్న

ఎఫ్‌టీసీ అనే విద్యార్థుల రోబో పోటీకి 30 సెకన్ల ఆటానమస్ (రోబో తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) రాస్తున్నామండీ. 96 మి.మీ. మెకానమ్ చక్రాలు (చుట్టూ ఏటవాలు రోలర్లుండి పక్కకి కూడా జరిగేవి) నాలుగు, గోబిల్డా 312 ఆర్‌పీఎం మోటార్లు, రెవ్ కంట్రోల్ హబ్ (రోబోని నడిపే కంప్యూటర్). కోడంతా టైమ్ మీదే నడుస్తోంది: 0.6 పవర్‌తో 1.2 సెకన్లు ముందుకి, 0.7 సెకన్లు తిరగడం, ఆ తర్వాత పక్కకి జరగడం. బ్యాటరీ నిండుగా ఉంటే సరిగ్గానే పోతుంది. రెండు మూడు రన్‌లయ్యాక జానెడు ముందే ఆగిపోతోంది. 90 డిగ్రీలు తిరగమంటే ఒకసారి 82, ఇంకోసారి 95. టైమ్ విలువలు మార్చుకుంటూ పోతే కుదురుతుందా? ఓడోమెట్రీ పాడ్‌లు (రోబో ఎంత కదిలిందో కొలిచే విడి చక్రాలు) ఇప్పుడు కొనలేం.

జవాబు 1

టైమ్ విలువల జోలికి ఇక వెళ్లకండి. 0.6 పవర్ అంటే ఆ క్షణంలో బ్యాటరీ ఇవ్వగలిగిన వోల్టేజ్‌లో 60 శాతమే. నిండు బ్యాటరీ 13 వోల్టుల పైన ఉంటుంది, వాడేకొద్దీ 12కి దిగువకి జారుతుంది. పవర్ అంకె మారకపోయినా వేగం మారిపోతుంది. పాడ్‌లు లేకపోయినా ఫర్వాలేదు, మీ మోటార్లలోనే ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లున్నాయి.

ముందు రోబోని చేత్తో ముందుకి తోస్తూ టెలిమెట్రీలో (రోబో తెర మీదికి పంపే విలువల్లో) నాలుగు ఎన్‌కోడర్ల అంకెలూ చూడండి. నాలుగూ పెరగాలి. ఒకటి తగ్గుతుంటే ఆ మోటార్ దిశ తిరగేసి ఉంది. ఒకటి కదలకపోతే ఎన్‌కోడర్ వైరు సరిగా కూర్చోలేదు.

ఇక లెక్క. ఈ మోటార్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే ఎన్‌కోడర్ లెక్కలో 537.7 టిక్కులు. చక్రం చుట్టుకొలత 301.6 మి.మీ. అంటే మిల్లీమీటరుకి 1.783 టిక్కులు. ఇది మొదలుపెట్టడానికే. మ్యాట్ మీద కొలత టేపు పరిచి, రోబోని 2000 మి.మీ. పొమ్మని చెప్పి, నిజంగా ఎంత పోయిందో కొలవండి. 1940 పోతే 1.783ని 2000/1940తో గుణించాలి, 1.838 వస్తుంది. పక్కకి జరిగేటప్పుడు రోలర్లు ఎక్కువ జారతాయి, అందుకని దానికి వేరే అంకె విడిగా కొలిచి పెట్టుకోవాలి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ దూరం కన్నా ముందు దిశ సరిచేయండి. 2 డిగ్రీలు తప్పితే 2 మీటర్లు పోయేసరికి 7 సెంటీమీటర్లు పక్కకి తేలతారు. ఎన్‌కోడర్ ఎంత కచ్చితంగా ఉన్నా దాన్ని దిద్దలేదు.

హబ్‌లోనే ఐఎంయూ (రోబో ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) ఉంది. హబ్ లోగో ఎటు చూస్తోంది, యూఎస్‌బీ పోర్టు ఎటు ఉంది అన్నది కోడ్‌లో సరిగ్గా చెప్పండి. అది తప్పితే రోబో తిరుగుతున్నా యా విలువ (రోబో ఎటు తిరిగి ఉందో చెప్పే కోణం) సరిగా మారదు.

తిరగడానికి: కావలసిన కోణంలోంచి ఇప్పటి కోణం తీసేయండి. తేడా 180 దాటితే 360 తగ్గించండి, మైనస్ 180 కన్నా తక్కువైతే 360 కలపండి. ఈ ఒక్క లైను మర్చిపోతే 170 నుంచి మైనస్ 170కి, అంటే 20 డిగ్రీలు తిరగాల్సిన రోబో 340 డిగ్రీలు చుట్టి వస్తుంది. తేడాని 0.02తో గుణిస్తే పవర్. పైన 0.5 దాటనివ్వకండి. కింద కూడా ఒక హద్దు ఉండాలి, లేకపోతే చివరి నాలుగైదు డిగ్రీల్లో పవర్ చాలక మోటార్లు మూలుగుతూ నిలబడిపోతాయి. 0.05 నుంచి 0.01 చొప్పున పెంచుతూ పోండి, మ్యాట్ మీద రోబో ఎక్కడ కదలడం మొదలైతే అదే మీ హద్దు. నేరుగా పోయేటప్పుడు కూడా ఇదే దిద్దుబాటు ప్రతి లూప్‌లో ఒక వైపు చక్రాల పవర్‌కి కలిపి, రెండో వైపు తీసేయాలి. రోబో ఇంకా ఎక్కువ వంకరపోతే ప్లస్, మైనస్ గుర్తు తిరగేసి పెట్టారన్నమాట.

అడిగినవారు

తిరగడం కుదిరిందండీ, చాలా థాంక్స్. కానీ డ్రైవ్ ఆగాకే ఆర్మ్ లేస్తోంది, సమయం చాలట్లేదు. ఒకసారి ఎదుటి రోబోకి ఆనుకుని అక్కడే ఉండిపోయింది, మిగతా ప్రోగ్రామ్ కదల్లేదు.

జవాబు 1

మధ్యలో ఉన్న స్లీప్‌లన్నీ తీసేసి ఒకే లూప్ పెట్టండి. ప్రతి సారీ సెన్సర్లు చదవాలి, డ్రైవ్‌కి ఒక అడుగు, ఆర్మ్‌కి ఒక అడుగు వేయించాలి. రెండింటికీ విడివిడి స్టేట్‌లు (పనిలో దశలు). ప్రతి స్టేట్‌కీ "పని అయింది" అనే షరతుతో పాటు గడువు కూడా ఉండాలి, మామూలుగా పట్టే సమయానికి ఒకటిన్నర రెట్లు చాలు. గడువు దాటితే స్కోరింగ్ వదిలేసి పార్కింగ్‌కి (చివర్లో ఆగాల్సిన చోటికి) పోవాలి. 25వ సెకనులో ఏ స్టేట్‌లో ఉన్నా పార్కింగ్ మొదలవ్వాలి. ఆప్‌మోడ్ (మీరు నడిపే ప్రోగ్రామ్) ఇంకా నడుస్తోందా అన్న తనిఖీ ప్రతి లూప్‌లోనూ ఉండాలి, లేకపోతే స్టాప్ నొక్కినా ఆ లూప్ ఆగదు.

జవాబు 3

మొదట రోబోని పెట్టే తీరు గురించి ఎవరూ చెప్పలేదు. కంటి అంచనాతో పెడితే పైన చెప్పిందంతా వృథా. చెక్కముక్క ఒకటి కొలతకి కోసుకుని గోడకీ ఛాసిస్‌కీ (రోబో చట్రానికీ) మధ్య పెట్టి, రెండు చోట్ల ఆనేలా చూసి తీసేయండి. యా రీసెట్ ఆ తర్వాతే. ఇనిట్ (ప్రోగ్రామ్‌ని సిద్ధం చేసే బటన్) నొక్కి రీసెట్ అయ్యాక రోబోని సర్దితే ఆ తేడా చివరిదాకా వస్తుంది.

కోడ్ ముట్టుకోకుండా, రకరకాల ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీలతో పది రన్‌లు చేయండి. ముందు కుడి చక్రం ఆగిన చోట ప్రతిసారీ చిన్న టేపు ముక్క అంటించండి. ముక్కలన్నీ ఒకేచోట గుంపుగా ఉండి గురికి దూరంగా ఉంటే అంకె మార్చాలి. చెల్లాచెదురుగా ఉంటే అంకె మార్చి లాభం లేదు, చక్రం జారుతోంది: పవర్‌ని ఒక్కసారిగా ఇవ్వకుండా అర సెకనులో మెల్లగా పెంచండి, ఆగేటప్పుడూ అలాగే తగ్గించండి.